చేతులు కట్టుకునే పరీక్ష

హలో, అందరికీ వినబడుతోందా? ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది, అది ఆగాక మొదలుపెడదాం. ఆ, ఆగింది. అందరూ బాగున్నారు కదా. ఇవాళ ఒక కోడలి కథ చెబుతాను. కోడలి కథ అనగానే కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కోకండి, ఇందులో ఏడుపులేం లేవు.

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ చేదోడు అంటారు. కాగితాల్లో వేరే పేరుంది. ఆ పేరుతో పిలిస్తే ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని ఆమే వెనక్కి తిరిగి చూస్తుంది. ఈ పేరు పెట్టింది అత్తగారు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారికి తుమ్ము రాబోయింది. తుమ్ము ఇంకా ముక్కులోనే ఉంది, చేతిలో రుమాలు వచ్చి పడింది. "ఇది కోడలు కాదురా, చేదోడు" అంది ఆవిడ కొడుకుతో. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది.

నిజంగానే ఆమె చేతులు ఊరుకునే రకం కాదు. ఎదుటివాళ్లకి ఏం కావాలో వాళ్లకంటే ముందు ఆ చేతులకి తెలిసిపోతుంది. మావగారి కళ్లజోడు, అత్తగారి మాత్రలు, మొగుడి బండి తాళంచెవి, అన్నీ అడక్కముందే అందుతాయి. మొగుడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. ఆయనకి పొద్దున సాక్సు కూడా ఆమే తొడిగేస్తుంది. ఆయన కాళ్లు బాగానే ఉన్నాయి, చేతులూ బాగానే ఉన్నాయి. ఆయన తొడుక్కుంటే మడమ పైకి వస్తుందని ఆమె బాధ.

ఇలాంటి మనిషి చదివిన చదువేమిటో తెలుసా, ఆక్యుపేషనల్ థెరపీ. నోరు తిరగకపోతే ఓటీ అనుకోండి. ఓటీ అంటే ఆపరేషన్ గది అనుకుని మావగారు మొదట్లో వీధిలో అందరికీ మా కోడలు కడుపులు కోస్తుందని చెప్పుకున్నారు. అది కాదు. పక్షవాతం వచ్చి చేయి పడిపోయినవాళ్లూ, దెబ్బ తగిలి వేళ్లు వంగనివాళ్లూ తమ పనులు తాము మళ్లీ చేసుకునేలా నేర్పే చదువు. ఫిజియోథెరపీ వాళ్లు కాలు కదిలేలా చేస్తారు. ఆ కదిలిన కాలితో మనిషి తనంతట తాను బాత్రూంకి వెళ్లి, ప్యాంటు సరిగ్గా వేసుకుని బయటికి వచ్చేలా చూసేది వీళ్లు.

ఆ పనికి లైసెన్సు కావాలి. అది విని అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"అన్నం కలుపుకుని తినడం నేర్పడానికి లైసెన్సేంటే? నేను ముగ్గురు పిల్లలకి నేర్పాను, నన్నెవరూ అడగలేదే."

"మీ పిల్లలకి ముందు రాదు కదత్తయ్యా, అందుకని నేర్చుకున్నారు. మావాళ్లకి వచ్చి, పోయింది. అది వేరే సంగతి."

ఆ లైసెన్సు ఊరికే ఇవ్వరు. డిగ్రీ ఉండాలి, ఉంది. పెద్దవాళ్ల కింద ఆస్పత్రిలో శిక్షణ చేసి సంతకాలు పెట్టించుకోవాలి, పెట్టించుకుంది. రాతపరీక్ష పాసవ్వాలి, మంచి మార్కులతో పాసయింది. రోగులతో ఎలా మెలగాలో దానికో పేపరు, అదీ అయిపోయింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు మిగిలింది ఒక్క ప్రాక్టికల్. బోర్డువాళ్ల ముందు నిజం రోగిని కూర్చోబెట్టి పని చేయించి చూపించాలి. చేయించాలి, చేయకూడదు. అక్కడే వచ్చింది తంటా.

మొదటిసారి ఒక పెద్దాయన చొక్కా గుండీతో కుస్తీ పడుతున్నాడు. గుండీ కాజా దగ్గరికి వచ్చి వచ్చి జారిపోతోంది. చేదోడు చూసింది, చూసింది, తర్వాత ఏం జరిగిందో ఆమెకే తెలియదు. గుండీలన్నీ పెట్టేసి, కాలరు కూడా సర్ది ఉంది. ఫెయిల్.

రెండోసారి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. రోగి చేతిలోంచి స్పూను జారింది. అది నేలకి తగలకముందే ఆమె చేతిలో ఉంది. పరీక్ష చేసేవాళ్లు కూడా ఒక్క క్షణం అబ్బో అనుకున్నారట. తర్వాత ఫెయిల్ చేశారు.

ఇక మిగిలింది ఒకే ఒక్కసారి. అదీ తప్పితే ఆస్పత్రి శిక్షణంతా మళ్లీ మొదటినుంచి చేయాలి. ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగం అన్నాళ్లు ఆగదు.

ఆస్పత్రిలో ఆమెకి పని నేర్పిన పెద్దమేడం ఉంది. పట్టు తప్పిన చేతులకి వేసే చేతికట్లు, అదే స్ప్లింట్లు, తయారుచేసే గదిలో, వేడినీళ్ల తొట్టిలో ప్లాస్టిక్ పలక మెత్తబడుతుంటే పట్టకారుతో కదుపుతూ అడిగింది.

"చేతులు కట్టుకుని నిలబడటం కూడా రాదా నీకు?"

"కట్టుకున్నాను మేడం. అవే విప్పుకున్నాయి."

"ఇంట్లో ఏం చేస్తుంటావు?"

చేదోడు చెప్పింది. సాక్సు దాకా వచ్చేసరికి మేడం పట్టకారు ఆగిపోయింది.

"ఆయన చేతులకేమైంది?"

"ఏం కాలేదు మేడం."

"రోజంతా ఇంటిల్లిపాదికీ అందించి, పరీక్షలో ఒక్కపూట ఆగమంటే చేతులు వింటాయా? ముందు ఇంట్లో మానెయ్. చెప్పకుండా మానెయ్. చెప్తే వాళ్లు నీ కోసం నటిస్తారు."

మర్నాడు పొద్దున మావగారు హాల్లో నిలబడి, "అమ్మాయ్, నా కళ్లజోడు చూశావా?" అన్నారు. కళ్లజోడు ఆయన నెత్తిమీదే ఉంది. చేదోడు రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుంది.

"చివరిసారి ఎక్కడ పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి మావయ్యా."

ఆయన గుర్తు చేసుకున్నారు. ఫ్రిజ్ తెరిచి చూశారు. సోఫా దిండ్లు ఎత్తి చూశారు. చెప్పుల స్టాండు కింద చూద్దామని వంగితే కళ్లజోడు జారి ముక్కు మీద కూర్చుంది. దొరికిందన్న ఆనందం ఎంతోసేపు నిలవలేదు. నేరుగా లోపలికెళ్లి భార్య చెవిలో, "కోడలికి మనమీద కోపం వచ్చింది" అన్నారు.

మొగుడు మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నా సాక్సు ఎక్కడం లేదు.

"ఏవండీ, సాక్సు మీ పక్కనే ఉన్నాయి" అని చెప్పి ఆమె గది దాటిపోయింది. ఆరోజు ఆయన ఒక కాలికి నీలం, ఒక కాలికి నలుపు వేసుకుని డ్యూటీకి వెళ్లాడు.

మన ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. ప్రేమ ఉందని ఎవరూ నోటితో చెప్పరు. మంచినీళ్ల గ్లాసు అందిస్తే ఉన్నట్టు, అందించకపోతే పోయినట్టు. ఆ ఇంట్లో గ్లాసు అందడం ఆగిపోయింది. సాయంత్రం కొడుకు రాగానే అత్తగారు బాల్కనీలోకి లాక్కుపోయి తలుపు వేసింది.

"ఏమన్నావురా దాన్ని?"

"నేనేమీ అనలేదమ్మా."

"ఏమీ అనకపోవడమే కొంప ముంచి ఉంటుంది. ఎప్పుడైనా నోరు తెరిచి బాగుందన్నావా?"

"దేన్ని?"

"అదీ సంగతి" అంది అత్తగారు, కేసు తేలిపోయినట్టు. "పరీక్ష రెండుసార్లు పోయింది. పిల్ల మనసు విరిగింది. మనమేమో రాజుల్లా కూర్చుని చేయించుకుంటున్నాం. రేపట్నుంచి దాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకోవాలి. నువ్వూ, మీ నాన్నా, నేనూ. దానికి చెప్పొద్దు, చెప్తే ఒప్పుకోదు."

అలా ఒకే ఇంట్లో రెండు రహస్యాలు నడిచాయి. ఒకరు అందించకూడదని ఒట్టు పెట్టుకున్నారు, మిగతావాళ్లు అన్నీ అందించాలని ఒట్టు పెట్టుకున్నారు.

పొద్దున లేచేసరికి చేదోడు బ్రష్ మీద పేస్టు పెట్టి ఉంది. టీ కప్పు చేతికి వచ్చేలోపు దాన్ని మొగుడు ఊది ఊది చల్లార్చేశాడు. కూర తరగబోతే మావగారు కత్తి లాక్కున్నారు. వంటింట్లో డబ్బాలన్నీ సులువుగా ఉంటుందని అత్తగారు సర్దిపెట్టింది. ఇప్పుడు ఉప్పు ఎక్కడుందో ఆమెకి తెలియదు. సంచి కూడా వాళ్లే సర్దారు. ఆస్పత్రికెళ్లి, కీళ్లు ఎంత వంగుతున్నాయో కొలిచే స్కేలు కోసం వెతికితే దువ్వెన, అద్దం, రెండు అరటిపండ్లు దొరికాయి.

"మీ ఇంట్లో ఎలా ఉంది?" అని పెద్దమేడం అడిగింది.

"నేను మానేశాను మేడం. వాళ్లు మొదలుపెట్టారు."

మేడం ఆ రోజు చేతికట్టు ఒకటి వంకరగా చేసింది, నవ్వు ఆపుకోలేక.

చేదోడుకి మాత్రం నవ్వు రావడం లేదు. ఒకరోజు పొద్దున గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోబోతుంటే, మోకాళ్లు నొప్పని మెట్లు కూడా దిగని అత్తగారు గోడ పట్టుకుని కూలబడి ఆమె కాలు తన ఒళ్లోకి తీసుకుంది, చెప్పు పట్టీ పెట్టడానికి.

"వద్దత్తయ్యా, నేను పెట్టుకుంటాను."

"ఉండవే. నీకెందుకు శ్రమ."

కాలు తనదే. పట్టుకుంది ఇంకొకరు. పట్టీ ఏ రంధ్రంలో పెట్టాలో ఆవిడకి తెలియక బిగించి పెడుతోంది. చేదోడుకి చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ లేని కోపం ఇప్పుడు నిజంగానే వచ్చింది. అదే క్షణంలో మొదటి పరీక్షలో పెద్దాయన గుర్తొచ్చాడు. తను గబగబా గుండీలు పెట్టేస్తుంటే ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. సంతోషంగా ఉన్నాడేమో అనుకుంది అప్పుడు.

అక్కడే గుమ్మం మీద కూర్చుని అత్తగారికి అంతా చెప్పేసింది. పెద్దమేడం, చెప్పకుండా మానెయ్యమనడం, కళ్లజోడు, సాక్సు, అన్నీ.

అత్తగారు నోరు తెరుచుకుని వింది. "అయితే కోపం లేదా నీకు?"

"లేదత్తయ్యా. ఇందాక కొంచెం వచ్చింది."

"ముందే చెప్పొచ్చు కదే. నీ చాకిరీ చేయలేక నా మోకాళ్లు అరిగిపోయాయి." లోపలికి తిరిగి కేకేసింది. "ఏవండోయ్, ఆ కత్తి కింద పెట్టండి. దానికి కోపం లేదట."

ఆ రోజునుంచి ఇల్లంతా రోగులే. మావగారికి నటన మీద మోజు. పక్షవాతం తెచ్చుకోమంటే ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు తెచ్చుకునేవారు. ఏ చేయి పడిపోయిందో ఆయనే మర్చిపోయి, టీ రాగానే రెండు చేతులతో అందుకునేవారు. మొగుడు మాత్రం బుద్ధిగా ఒక్క చేత్తో చొక్కా తొడుక్కున్నాడు. పట్టు లేని చేయి ముందు, బాగున్న చేయి తర్వాత. విప్పేటప్పుడు అది తిరగేసి. గుండీలు కిందినుంచి పైకి, అలాగైతే వరస తప్పదు.

"నాకూ ఇదే పని కదా" అన్నాడాయన కాజా వెతుక్కుంటూ. "స్టీరింగు వాళ్ల చేతిలో ఉంటుంది. నేను పక్కన కూర్చుంటాను. కాకపోతే నా కాలికింద ఇంకో బ్రేకు ఉంటుంది. నీకేముంది?"

"నాకు నోరుంది."

"అదైతే ఉంది" అన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. గదిలో ఒక గట్టి కుర్చీ, ఒక మంచం, బల్లమీద చొక్కా, చేత్తో పట్టుకునే పెద్ద అద్దం. గోడవార ఇద్దరు పరీక్షకులు. ఒకాయనది బొంగురుగొంతు, ఇంకొకావిడ రాసుకోవడం తప్ప మాట్లాడదు. కుర్చీలో రోగి. ఇళ్లకి సున్నాలూ రంగులూ వేసే మేస్త్రీ. కుడిచేయి పట్టు తప్పి ఒళ్లో పడుంది. కూర్చోగానే గది నాలుగు గోడలూ చూసి, "ఎవడు వేశాడండీ ఇది, చారలు చారలుగా" అన్నాడు. పక్కనే ఆయన భార్య.

"ఈయనచేత చొక్కా తొడిగించాలి" అన్నాడు బొంగురుగొంతు. "ఆవిడ ఉంటారు. ఇంటివాళ్లు ఉన్నప్పుడు ఎలా చేస్తారో చూడాలి మేము."

చేదోడు మేస్త్రీకి చెప్పాల్సింది చెప్పింది. పాదాలు నేలకి ఆనించమంది. పట్టు లేని చేయి ముందు దూర్చమంది. ఆయన చొక్కా ఒళ్లో పరుచుకున్నాడో లేదో భార్య లేచింది.

"ఆయనకి రాదమ్మా. నేనే తొడిగేస్తాను. తొందరగా అయిపోతుంది, మీరందరూ కూడా ఇళ్లకెళ్లొచ్చు."

ఆవిడ చేయి అప్పుడే చొక్కా మీద ఉంది. చేదోడు ఆ చేతిని చూసింది. తన చేతినే చూసినట్టుంది. వద్దంటే ఆగే చేయి కాదది, తనకి తెలుసు. తోసేస్తే ఆవిడ మనసు గాయపడుతుంది. బల్లమీద అద్దం తీసింది.

"పిన్నీ, ఇది కాస్త పట్టుకుంటారా? ఆయనకి మెడదాకా కనబడాలి. బరువు, రెండు చేతులతో పట్టుకోవాలి. కదిలితే ఆయనకి కనిపించదు."

ఆవిడ రెండు చేతులూ అద్దానికి అంటుకుపోయాయి. నోరు ఒక్కటే ఖాళీ.

"పైకి లాగయ్యా. ఇంకా పైకి. అది భుజం, మోచేయి కాదు."

"నా భుజం ఎక్కడుందో నాకు తెలుసు. అద్దం కదపకు."

కుడిచేయి దూరింది. ఎడమచేత్తో చొక్కా భుజం మీదికి ఈడ్చి, మెడ వెనకనుంచి తిప్పుకుని, రెండో చేయి దూర్చేసరికి మేస్త్రీకి చెమట పట్టింది. చేదోడు కుర్చీ దగ్గరే ఉంది, జారితే పట్టుకునేంత దగ్గర. చేతులు నడుముమీద పెట్టుకుని వేళ్లతో తన చీరనే గట్టిగా పట్టుకుంది.

"గుండీలు కిందనుంచి మొదలుపెట్టండి బాబాయ్, వరస తప్పదు."

"పుట్టి బుద్ధెరిగాక నేను పైనుంచే పెట్టుకున్నాను."

"సరే, మీ ఇష్టం."

పైనుంచే పెట్టాడు. మొదటి గుండీ రెండో కాజాలోకి వెళ్లింది. గదిలో ఉన్న మిగతా నలుగురికీ కనబడింది. అద్దం పట్టుకున్నావిడ పెదవి కొరుక్కుంది. బొంగురుగొంతు కుర్చీలో ముందుకి జరిగాడు. చేదోడు వేళ్లు చీరని నలిపేస్తున్నాయి. మేస్త్రీ ఒక్కో గుండీ బొటనవేలితో తోస్తూ, కాజాని చూపుడువేలితో లాగుతూ, గొణుక్కుంటూ, చిట్టచివరి గుండీదాకా వచ్చాడు. చివర దానికి కాజా మిగల్లేదు. పైన కాలరు ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి ఉంది.

"అద్దంలో చూసుకోండి" అంది చేదోడు. "ఎలా ఉంది?"

ఆయన చాలాసేపు చూసుకున్నాడు. "వంకరగా ఉంది."

"మళ్లీ పెట్టుకుంటారా?"

"ఇవాళొద్దు. మొదటి కోటు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. రెండో కోటులో సరవుతుంది." అద్దంలో తన మొహం చూసుకుంటూ ఇంకాసేపు అలాగే ఉన్నాడు. భార్య అద్దం దించలేదు.

బొంగురుగొంతు చేదోడు వైపు తిరిగాడు. "గుండీలు తప్పాయి. చూశారా?"

"చూశానండీ."

"సరిచేయించరా? మీకిది మూడోసారి అని కాగితంలో ఉంది."

 గుండీలు విప్పించి ఇంకోసారి పెట్టిస్తే చాలు, చూడ్డానికి అంతా బాగుంటుంది. మేస్త్రీ మొహం చూసింది. అలసిపోయి ఉన్నాడు, గెలిచినవాడిలా ఉన్నాడు.

"ఆయన చూసుకున్నారండీ. ఇవాళ్టికి చాలన్నారు. చొక్కా ఆయనది."

 పక్కావిడ ఏదో రాసుకుంది. మేస్త్రీ అద్దం పక్కన పెట్టించి, భార్య భుజం పట్టుకుని లేచాడు. తలుపు తీసి పట్టుకోవడానికి బొంగురుగొంతు కూడా లేచాడు. మేస్త్రీ ఆయన ముందుకి వచ్చాడు. ఆ వంకర కాలరు సరిగ్గా ఆయన కళ్లకి ఎదురుగా వచ్చింది. అంత పెద్ద పరీక్షకుడి చేయి మెల్లగా లేచి, పై గుండీ దగ్గరికి వెళ్లింది.

మేస్త్రీ ఎడమచేత్తో ఆ చేతిని పక్కకి తోశాడు.

"తడి ఆరలేదు సార్. ముట్టుకోకండి."

రాసుకునే ఆవిడ కలం కింద పెట్టి నవ్వింది. ఆవిడ గొంతు వినడం అందరికీ అదే మొదలు. బొంగురుగొంతు గాల్లో ఉన్న తన చేతిని తనే చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. దంపతులిద్దరూ వెళ్లేదాకా జేబులోంచి తీయలేదు.

"ఆవిడకి అద్దం ఎందుకిచ్చారు?" అని అడిగాడు తర్వాత.

"చేతులు ఖాళీగా ఉంటే ఆగవండీ" అంది చేదోడు.

"ఆగవు" అన్నాడాయన, తన జేబువైపు చూసుకుంటూ. "ఫలితం సాయంత్రం నోటీసు బోర్డు మీద వేస్తారు. వెళ్లిరండి."

సాయంత్రం బోర్డు ముందు జనం. ఆమె నెంబరు ఉంది. ఇంకోసారి చూసింది, ఉంది. పక్కనున్న పిల్లచేత చదివించింది, అప్పుడూ ఉంది. మొగుడికి ఫోన్ చేసింది. ఆయన కారులో ఉన్నాడు, స్పీకరు మీద.

"బ్రేకు, బ్రేకమ్మా, అది కాదు పక్కది. నీక్కాదు, నువ్వు చెప్పు."

"పాసయ్యాను."



"బండి పక్కకి తీసి ఆపండమ్మా" అన్నాడాయన. "నిదానంగా. మీరే ఆపండి, నేను ముట్టుకోను." ఆగింది. "ఇప్పుడు ఇంకోసారి చెప్పు."

"లైసెన్సు వచ్చిందండీ."

"ఈవిడకెప్పుడొస్తుందో" అన్నాడు. స్టీరింగు దగ్గరున్న ఆవిడ, "మీరు అరవకుండా ఉంటే నాకూ వస్తుంది" అనడం చేదోడుకి స్పష్టంగా వినబడింది.

కథ అంతే. ఇంట్లో పెద్దవాళ్లకి గ్లాసు చేతికందించి, మాత్ర నోట్లో వేసి, చొక్కా కూడా తొడిగేసే మంచివాళ్లు మీకు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. వాళ్లకిది పంపించండి. కోపం తెచ్చుకుంటే నా పేరు చెప్పండి, నేను పడతాను.